సత్యభామ జడకి నెత్తంతా జుట్టెందుకు?

ప్రశ్న: పిన్నిగారూ, నమస్కారం. మాది తెనాలి. నా చిన్నప్పుడు నాన్న కొనిచ్చిన బొమ్మ ఒకటి ఇంకా నా దగ్గరుంది. పడుకోబెడితే కళ్లు మూస్తుంది, లేపితే తెరుస్తుంది. పొడవు పదహారు అంగుళాలు. ఈ వేసవి సెలవుల్లో మా ఏడేళ్ల పాప కత్తెర పట్టుకుని దానికి క్షవరం చేసేసింది. సంక్రాంతి బొమ్మల కొలువులో దానికి చీర కట్టి సత్యభామను చేద్దామని నల్ల ఊలు తెచ్చి, ఫెవిక్విక్‌తో తలకి అంటించాను. అది కాస్తా రాయిలా గట్టిపడింది. పైగా తల గుమ్మడికాయంత అయింది. పాపిడి తీయడానికి లేదు, జడ అల్లితే తాడులా ఉంది. పాపకి మొన్న కత్తిరించిన జుట్టు దాచి ఉంచాను, అది వాడొచ్చా? మా అత్తగారి పాత సవరం కూడా ఉంది. ఇంట్లో విగ్గు కుట్టడం మనవల్ల అవుతుందా, కొనుక్కోవడమే నయమా?

జవాబు: తల్లీ, మనవల్లే అవుతుంది. చీర కుచ్చెళ్లు పెట్టగలిగిన చేతికి ఇది పెద్ద పనేం కాదు. కాకపోతే నువ్వు చివర చేయాల్సిన పనితో మొదలుపెట్టావు.

ముందు ఆ ఫెవిక్విక్ సంగతి తేల్చుకుందాం. దాన్ని ఇంకెప్పుడూ గుడ్డ పనికి తేకు. నూలు గుడ్డ మీదో దూది మీదో పడిందంటే ఉన్నట్టుండి వేడెక్కుతుంది, పొగ కూడా వస్తుంది, చర్మం బొబ్బలెక్కుతుంది. పక్కన పాపని కూర్చోబెట్టుకుని చేసే పనికి అది అసలే పనికిరాదు. ఇప్పుడు గట్టిపడిందాన్ని వదిలించడానికి గోళ్లరంగు తుడిచే ద్రావకం మాత్రం వాడొద్దు. జిగురుతోపాటు ప్లాస్టిక్కూ పాడవుతుంది, బొమ్మ కనుబొమలూ పెదాల రంగూ పోతాయి. ఊలుని కత్తెరతో మొదలంటా కత్తిరించి, మిగిలిన గరుకుని గరుకు కాగితంతో రుద్ది చదును చెయ్యి. నున్నగా రానక్కర్లేదు, ఎలాగూ దాని మీద జుట్టు కుట్టే గుడ్డ టోపీ వస్తుంది. పాప కత్తిరించగా మిగిలిన పాత జుట్టు మొదళ్లు కూడా కొరిగెయ్. కొరిగాక తల మీద వరసగా చిన్న చిన్న రంధ్రాలు కనబడతాయి చూడు. ఫ్యాక్టరీలో జుట్టు కుట్టిన చోట్లవి. నుదుటి మీద మొదటి వరస ఎక్కడుందో ఒక ఫోటో తీసి పెట్టుకో, తర్వాత అక్కరకొస్తుంది.

పాప జుట్టు వాడొచ్చా అన్నావు. మనసుకి బాగుంటుంది కానీ కంటికి బాగుండదు. లెక్క చూడు: నీ బొమ్మ నలభై సెంటీమీటర్లు, అంటే మనిషిలో నాలుగో వంతు. మన వెంట్రుక మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. అయినా నాలుగో వంతు మనిషి తల మీద పెట్టేసరికి నాలుగింతలు లావుగా కనిపిస్తుంది. చీపురు పుల్లల్లా నిక్కబొడుచుకుంటుంది, వంచితే వంగదు, నెత్తికి అణగదు. పాత రోజుల్లో యూరప్‌లో పింగాణీ బొమ్మలకి మనుషుల జుట్టుతోనూ విగ్గులు చేసేవారు, అంగోరా మేకల బొచ్చుతోనూ చేసేవారు. ఆ మేక బొచ్చునే మోహైర్ అంటారు. మన వెంట్రుక కంటే బాగా సన్నం, అందుకే చిన్న తలకి ఒద్దికగా ఒదుగుతుంది. తిరుమల కళ్యాణకట్టలో భక్తులిచ్చే తలనీలాలు వేలంలో అమ్ముడుపోయి విగ్గులవుతాయంటే అవి మనుషుల తలకి కాబట్టి సరిపోతాయి. పాప జుట్టు ఒక కవరులో వేసి, తారీఖు రాసి దాచుకో. అత్తగారి సవరం జోలికి మాత్రం పోకు. అది మంచిదే కావచ్చు, కానీ దాన్ని కత్తిరించావని తెలిసిన రోజున నేను రాసిన ఏ సలహా నిన్ను కాపాడలేదు.

మరి దేంతో చెయ్యాలి? ఫ్యాన్సీ షాపులో సిల్కు దారం గాజులకీ, బుట్టలకీ వాడే దారం రీళ్లు ఉంటాయి కదా, నల్లవి రెండు తెచ్చుకో. పేరుకి సిల్కే గానీ చాలావరకు రేయాన్. మెరుపు ఎక్కువని కొందరు వద్దంటారు. నేనైతే మన బొమ్మలకి అదే కావాలంటాను. కొబ్బరినూనె పెట్టి గట్టిగా దువ్విన తల ఎలా మెరుస్తుందో సరిగ్గా అలాగే మెరుస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో. రేయాన్ తడిస్తే బలం తగ్గిపోతుంది. తడిగా ఉన్నప్పుడు దువ్వకు, లాగకు.

ఇంకో పరీక్ష కూడా ముందే చెయ్యాలి. దారం కాస్త తుంచి వేడినీళ్లలో వేసి అరగంట ఉంచు. నీళ్లు నల్లబడితే మొత్తం దారాన్ని చిలపలా చుట్టి, రంగు దిగడం ఆగేదాకా నీళ్లు మారుస్తూ నానబెట్టి ఆరేసుకో. ఈ పని ఎగ్గొడితే ఏడాది తిరిగేసరికి బొమ్మ నుదుటి మీద బూడిద రంగు మరక పడుతుంది. మెత్తని ప్లాస్టిక్ రంగుని పీల్చుకుంటుంది, తర్వాత ఏ సబ్బుకీ పోదు.

ఇక అసలు విషయం. నీ బొమ్మ తల గుమ్మడికాయ అవడానికి కారణం ఊలు కాదు, నెత్తంతా జుట్టు అంటించడం. జుట్టు విరబోసుకున్న బొమ్మకైతే అడుగు నుంచి పైదాకా వరసలు వరసలుగా జుట్టు ఉండాలి. గట్టిగా దువ్వి జడ వేసే బొమ్మకి అంత అవసరం లేదు. మనిషి తలనే చూడు. జడ వేసుకున్నాక కనబడేవి రెండే: నుదురు, చెవులు, మెడ దగ్గర జుట్టు మొదలయ్యే అంచు ఒకటి, నడినెత్తిన పాపిడి ఒకటి. ఈ రెంటి నుంచీ వచ్చిన జుట్టు వెనక్కి పోయి మెడ దగ్గర కలుస్తుంది. మధ్యలో ఏముందో ఎవరికీ కనబడదు. కాబట్టి అంచుకీ పాపిడికీ మాత్రమే జుట్టు కుట్టు. మిగతా నెత్తి మీద నల్లగుడ్డ ఉంటే చాలు. తల పరిమాణం పెరగదు, దారమూ ఖర్చవదు.

టోపీకి ఒక రాత్రి పడుతుంది. తల మీద పల్చటి పాలిథిన్ సంచి బిగించి కప్పి, మెడ దగ్గర రబ్బరు బ్యాండు వెయ్యి. దాని మీద పాత నల్ల లెగ్గింగు ముక్క, ఓ జానెడు చదరం, అన్నివైపులా సమంగా లాగి కప్పి ఇంకో రబ్బరు బ్యాండు వెయ్యి. సాగే గుడ్డే కావాలి, లేకపోతే మడతలు పడతాయి. ఎంత లాగినా మెడ వెనక ఒకటి రెండు మడతలు తప్పవు, వాటిని చిన్నగా కత్తిరించి అంచులు ఒకదాని మీద ఒకటి అతికించెయ్, జడ కింద దాగిపోతాయి. తెల్ల ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి, పాత కుంచెతో గుడ్డంతా పల్చగా పూసి రాత్రంతా ఫ్యాను కింద వదిలెయ్. పొద్దున్నకి గుడ్డ తల ఆకారం పట్టేసుకుంటుంది. ఒకటే పూత చాలు. మందంగా పూస్తే సూది దిగదు.

ఆరాక, ఇంకా తల మీద ఉండగానే, దర్జీలు వాడే సబ్బు ముక్కతో జుట్టు అంచు గీసుకో. ఇందాక ఫోటో తీసుకోమన్నది ఇందుకే. కానీ ఫ్యాక్టరీవాడి గీతనే ఉన్నదున్నట్టు పాటించకు. నీది పసిపిల్ల బొమ్మ. పసిపిల్లలకి నుదురు పెద్దదిగా ఉంటుంది. సత్యభామ అంటే వయసులో ఉన్న మనిషి, పైగా సత్రాజిత్తు కూతురు, అహంకారం మొహంలోనే కనబడాలి. అంచుని ఆరేడు మిల్లీమీటర్లు కిందికి దించు. కణతల దగ్గర గీత నిటారుగా కాకుండా కాస్త లోపలికి వంపు తిరిగి చెవి ముందుకి రావాలి. ఆ వంపు లేకపోతే విగ్గు హెల్మెట్టులా ఉంటుంది. గీసిన గీతకి అయిదు మిల్లీమీటర్లు బయటికి వదిలి టోపీ కత్తిరించు.

పాపిడి గీత నుదుటి మధ్య నుంచి నడినెత్తి దాకా గీసి, ఆ గీత వెంబడి బొమ్మ ఒంటి రంగు ఫ్యాబ్రిక్ పెయింటు రెండు మిల్లీమీటర్ల వెడల్పున పట్టీలా వెయ్యి. నల్లగుడ్డ మీద ఒక్క పూతకి రంగు పట్టదు, మూడు పూతలైనా పడతాయి. ఇది జుట్టు కుట్టకముందే అవ్వాలి. తర్వాత చేస్తానంటే చెయ్యలేవు, నేను ప్రయత్నించి ఒక విగ్గు పాడుచేసుకున్నాను.

దారం సిద్ధం చేసుకోవడానికి పదహారు సెంటీమీటర్ల వెడల్పు అట్టముక్కకి దారం చుట్టుకుంటూ పోయి ఒకవైపు కత్తిరిస్తే ముప్పై రెండు సెంటీమీటర్ల పోగులు వస్తాయి. పది పోగులు ఒక గుత్తి. ఇలా ఓ నూట యాభై గుత్తులు కావాలి. పాపకి లెక్కపెట్టే పని అప్పగించు.

అంచు కుట్టేటప్పుడు తిరకాసు ఒకటుంది, విగ్గు పనంతా దాని మీదే నిలబడుతుంది. జుట్టు వెనక్కి పోవాలి కదా అని వెనక్కి పెట్టి కుట్టకూడదు. గుత్తిని గీత మీద పెట్టి, పొడుగు భాగం బొమ్మ మొహం మీదికి పడేలా, ఒక సెంటీమీటరు ముక్క మాత్రం నెత్తివైపు ఉండేలా పట్టుకుని, గీత మీద వెనక కుట్టు (బ్యాక్ స్టిచ్) వెయ్యి. పక్కనే మూడు మిల్లీమీటర్ల ఎడంలో ఇంకో గుత్తి. ఇలా నుదురంతా, చెవుల చుట్టూ, మెడదాకా. సగం పని అయ్యేసరికి బొమ్మ జుట్టు మొహం మీద వేసుకుని దెయ్యంలా కూర్చుంటుంది. ఆ దశలోనే మా మనవరాలు గది వదిలి పారిపోయింది. అంతా అయ్యాక ఆ జుట్టునంతటినీ ఒక్కసారి వెనక్కి తిప్పు. కుట్టు కిందికి పోతుంది, జుట్టు చర్మంలోంచి మొలిచినట్టు అంచు నున్నగా వస్తుంది. అయిదు మిల్లీమీటర్లు వదిలిన గుడ్డని లోపలికి మడిచి ఫెవికాల్‌తో అంటించెయ్.

పాపిడిదీ ఇదే సూత్రం, రెండు వరసలు. రంగు పట్టీకి ఎడమ అంచున కుట్టే గుత్తుల పొడుగు భాగం కుడివైపుకి పరిచి కుట్టు, వరస అయ్యాక ఎడమవైపుకి తిప్పి క్లిప్పు పెట్టు. ఇప్పుడు కుడి అంచున కుట్టే గుత్తుల్ని ఎడమవైపుకి పరిచి కుట్టు, తర్వాత కుడివైపుకి తిప్పు. రెండు వరసలూ తిరిగిన చోట మధ్యలో సన్నగా ఒంటి రంగు గీత కనబడుతుంది. అదే పాపిడి. వరసల మధ్య ఎడం రెండు మిల్లీమీటర్లు దాటకూడదు, దాటితే బట్టతల మొదలైనట్టుంటుంది. నడినెత్తి దగ్గర పాపిడి ముగిసేచోట నాలుగు గుత్తులు అర్ధచంద్రాకారంలో కుట్టి వెనక్కి తిప్పితే సందు మూసుకుపోతుంది.

ఇప్పుడు తల మీద ఒక పల్చటి తడిగుడ్డ అద్ది, పేల దువ్వెనతో కాకుండా వేళ్లతోనే జుట్టంతా వెనక్కి సర్ది, మెడ దగ్గర దారంతో బిగించి కట్టు. పైన ఒక పాత చున్నీ గట్టిగా చుట్టి రాత్రంతా ఉంచు. ఆరాక తీస్తే జుట్టు నెత్తికి అతుక్కున్నట్టు అణిగి ఉంటుంది.

మెడ దగ్గర పోగైన జుట్టుతోనే జడ అల్లబోకు. అంచు జుట్టు వెనక్కి వచ్చేసరికే పొడుగులో సగం అయిపోతుంది. మన ఆడవాళ్లు చేసినట్టే చెయ్యి, సవరం పెట్టు. అదే దారంతో, నీ దగ్గర మిగిలిన ఊలు లోపల పెట్టి, విడిగా జడ అల్లి మెడ దగ్గర ముడి కింద కుట్టెయ్. అల్లితే పొడుగు తగ్గుతుంది కాబట్టి కావలసిన దానికంటే మూడో వంతు ఎక్కువ దారం తీసుకో. మొదట్లో లావు ఒక సెంటీమీటరు, చివరికి వచ్చేసరికి అందులో సగం. మనిషికి నాలుగు సెంటీమీటర్ల జడ ఎంతో బొమ్మకి ఇది అంత. మూడు పాయల్లో ఒకదానిలో సన్న రాగి తీగ ఒకటి కలిపి అల్లు, ఎందుకో చివర చెబుతాను.

నగల విషయంలో నీకు నా సాయం అక్కర్లేదనుకుంటా. పాపిడికి కుడివైపు సూర్యుడు, ఎడమవైపు చంద్రుడు. జడ మొదట్లో రాగిడికి బంగారు రంగు చొక్కా గుండీ ఒకటి సరిపోతుంది. జడ పొడుగునా చమ్కీలు బిళ్లలుగా కుట్టు, కిందికి వస్తున్నకొద్దీ చిన్నవి. చివర మూడు కుప్పెలు. ఒక్కో కుప్పెకి అదే దారంతో చిన్న కుచ్చు, పైన ఒక పూస. గాజు పూసలు పెద్దవి వెయ్యకు. బరువుకి విగ్గు వెనక్కి జారి సత్యభామ నుదురు మళ్లీ పెద్దదవుతుంది. జారకుండా ఉండాలంటే తెల్ల బెలూను మూతి కోసి టోపీలా తలకి తొడిగి, దాని మీద విగ్గు పెట్టు. రబ్బరు పట్టి ఉంచుతుంది. కొలువు అయ్యాక బెలూను తీసెయ్, ఏళ్లకేళ్లు వదిలితే అదీ మరక చేస్తుంది.

ఊలు దండగేనా అంటే, కాదు. పాప దగ్గర బార్బీ లాంటిది ఉండి, దానికి విరబోసిన జుట్టు కావాలంటే ఊలే నయం. పురి విప్పి, కుక్కలకి దువ్వే సన్న తీగల బ్రష్షుతో దువ్వితే బొచ్చులా విడిపోతుంది. మూడో వంతు దాకా దూదిలా రాలిపోతుంది, ముక్కుకి గుడ్డ కట్టుకో. తర్వాత హెయిర్ స్ట్రెయిటెనర్‌ని అన్నిటికంటే తక్కువ వేడిలో పెట్టి ఒక్కసారి లాగితే నిజం జుట్టులా జారుతుంది. బజార్లో దొరికే ఊలు చాలావరకు అక్రిలిక్, అంటే ప్లాస్టిక్కే. వేడి ఎక్కువైతే కరుగుతుంది. నేను మొదటిసారి బట్టల ఇస్త్రీపెట్టెతో ప్రయత్నించి, పెట్టె అడుగున నల్లటి తారు అంటించుకున్నాను. ఆ సాయంత్రం మా ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకోబోయారు. ఇంతకంటే వివరంగా చెప్పను.

కొనడం సంగతి. బొమ్మల విగ్గులు తల చుట్టుకొలత అంగుళాల్లో చెప్పి అమ్ముతారు. నుదుటి మీదుగా, చెవుల పైగా టేపు తిప్పి కొలిస్తే నీ బొమ్మకి పది అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. దొరుకుతాయి గానీ నేను చూసినవన్నీ విరబోసినవో, ఉంగరాలు తిరిగినవో, నుదుటి మీదికి పడేలా కత్తిరించినవో. వాటిని లాగి జడ వేస్తే కుట్టు వరసలన్నీ బయటపడతాయి. మనలా నడిపాపిడి తీసి జడ వేసే విగ్గు కుట్టుకోవలసిందే. మన కొండపల్లివాళ్లకి ఈ గొడవే లేదు. తెల్లపొణికి చెక్క మీద నల్లరంగు ఒక్క దెబ్బ వేస్తే జుట్టయిపోతుంది. మా అమ్మ గుడ్డబొమ్మలకైతే నల్లచీర పేలికలు మూడు అల్లి తల వెనక కుట్టేది. దాన్నే మేం ఒళ్లో పెట్టుకుని గంటలకొద్దీ దువ్వేవాళ్లం.

ఇక రాగి తీగ. భామాకలాపంలో సత్యభామ ఎలా వస్తుందో గుర్తుందా? ఇద్దరు తెర పట్టుకుంటారు. మొహం చూపించకముందే, ఆ తెర మీదుగా జడ ఇవతలికి పడుతుంది. తనని మించినవాళ్లెవరైనా ఉంటే రండి చూద్దాం అన్నట్టు. కూచిపూడిలో ఆ వేషం మగవాళ్లే కట్టేవారు, ఆ జడ కూడా కట్టుకున్నదే. నీ కొలువులోనూ అలాగే పెట్టు. పాత పట్టుచీర అంచు ముక్కని రెండు పుల్లల మధ్య తెరలా కట్టి, బొమ్మని దాని వెనక వీపు ఇటు తిప్పి నిలబెట్టి, జడని తెర మీదుగా ముందుకి వెయ్యి. తీగ ఉంటే ఆ వంపు నిలుస్తుంది, లేకపోతే జడ జారి తెర వెనక పడిపోతుంది. తెర బొమ్మ భుజం ఎత్తులో ఉండాలి, అంటే ముప్పై సెంటీమీటర్లు. మెడ నుంచి తెర మీదికి వచ్చి, ఇవతల సగం దాకా వేలాడాలంటే అల్లిన జడ ఇరవై రెండైనా ఉండాలి. అందుకే దారం కత్తిరించేముందు తెర కట్టి ఒకసారి టేపుతో కొలుచుకో.